చిన్న ట్రాక్టరే కదా అనుకోవద్దు

దసరాకో ఉగాదికో మంచి రోజు చూసుకుని కొత్త ట్రాక్టర్ ఇంటికొస్తుంది. బానెట్‌కు పసుపు కుంకుమ, స్టీరింగ్‌కు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టాక షోరూం కుర్రాడు సీటు పక్కన నిలబడి ఇది గేరు, ఇది హైడ్రాలిక్ లీవరు, ఇది పీటీఓ అని చెప్పి, ఒక ఫొటో తీసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. వెనకటికి ఎడ్లజత కొంటే వాటి నడక, బెదురు, పొగరు తెలుసుకోవడానికి ఒక కారు పూర్తిగా పట్టేది. ఇప్పుడు ఇరవై నాలుగు గుర్రాల బలమున్న ఇంజిన్‌ను పావుగంటలో అప్పజెప్పేస్తున్నారు.

ఇలా తాళం అందుకుంటున్న వాళ్లలో చాలామందికి ఇదే ఇంటికి మొదటి ట్రాక్టర్. మూడెకరాల మామిడి తోట, ఐదెకరాల బత్తాయి, కాస్త పత్తి, కాస్త మిరప ఉన్న చిన్న రైతులు వీళ్లు. కొమ్మల కింద దూరాలన్నా, సాళ్ల మధ్య గుంటక తోలాలన్నా పెద్ద బండి పనికిరాదు. కూలీలు దొరకడం లేదు, కిరాయి బండి పదును పోయాక గానీ రాదు. అందుకే 15 నుంచి 30 హెచ్‌పీ లోపు మినీ ట్రాక్టర్ల వైపు చూస్తున్నారు. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, వీఎస్‌టీ శక్తి, స్వరాజ్, సోనాలికా... పేర్లు ఇప్పుడు ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడంతో ఊగిసలాడుతున్న వాళ్లు కూడా ముందడుగు వేశారు. మంచిదే. ఎవరి పొలానికి వాళ్ల బండి ఉండటం చిన్న రైతుకు నిజమైన బలం.

నా భయమల్లా ఒక్కటే. బండి చిన్నది కాబట్టి ప్రమాదం కూడా చిన్నదే అనుకుంటున్నారు. లెక్క తిరగేసి ఉంది. పెద్ద ట్రాక్టర్ బరువు రెండు టన్నుల చుట్టూ ఉంటే, మినీ ట్రాక్టర్‌ది చాలా మోడళ్లలో ఒక టన్నుకు లోపే. చక్రాల మధ్య ఎడం మీటరుకు కాస్త అటూ ఇటూ. తోటలో దూరగలుగుతున్నది ఆ ఇరుకు వల్లే, గట్టు మీద పక్కకు ఒరుగుతున్నదీ ఆ ఇరుకు వల్లే. తేలిక గనుక వెనక బరువు తగిలిస్తే ముందు లేస్తుంది. అయినా ఒక మనిషిని నలిపేయడానికి ఆ ఏడెనిమిది వందల కిలోలు చాలు.

ముందు చక్రాలు లేస్తే

వరి మడిలో దమ్ము చేస్తుంటే వెనక చక్రం దిగబడుతుంది. గేరు మార్చి యాక్సిలరేటర్ పెంచేకొద్దీ చక్రం అక్కడికక్కడే తిరిగి ఇరుసు దాకా బురదలోకి పోతుంది. గట్టు మీద నుంచి ఎవరో ఒకరు కేకేస్తారు: ‘‘దుంగ కట్టన్నా, వచ్చేస్తది!’’ తుమ్మ మొద్దు ఒకటి తెచ్చి వెనక చక్రాలకు అడ్డంగా గొలుసుతో బిగిస్తారు. చక్రం తిరిగితే మొద్దు బురదలో దిగి బండిని పైకి లేపుతుందని ఆశ. చాలాసార్లు లేపుతుంది కూడా. అందుకే ఈ పద్ధతి ఇంకా బతికుంది.

లేపనప్పుడు ఏం జరుగుతుందో ప్రతి కొత్త యజమానికీ తెలియాలి. ఇంజిన్ బలం ఇరుసుకు చేరుతుంది, ఇరుసు చక్రాన్ని తిప్పాలి. మొద్దు అడ్డుపడి చక్రం మొరాయిస్తే ఆ బలం ఊరికే పోదు. చక్రం తిరగకపోతే ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, స్టీరింగ్ గుండెల మీదికొస్తుంది, బండి వెల్లకిలా పడుతుంది. ముందు భాగం లేవడం మొదలయ్యాక ఇక ఆపలేని స్థితికి చేరడానికి ముప్పావు సెకను చాలు. అయ్యో అనుకుని కాలు క్లచ్ మీదికి పోయేలోపే అయిపోతుంది. పాతికేళ్లుగా డ్రైవింగ్ చేస్తున్నవాడికైనా అంతే.

దిగబడిందని తెలిసిన వెంటనే క్లచ్ తొక్కి ఆగాలి. వెనక తగిలించిన పనిముట్టును విడదీయగలిగితే విడదీయాలి. చక్రాల వెనక బురదను పారతో తీసి, గడ్డో గోనె సంచులో పరిచి, వచ్చిన దారినే రివర్సులో మెల్లగా తీయాలి. రివర్సులో ఇంజిన్ బలం ముందు భాగాన్ని నేలకు అదుముతుంది, అందుకే వెనక్కి రావడం ముందుకు పోవడం కంటే భద్రం. అప్పటికీ రాకపోతే ఇంకో ట్రాక్టర్‌ను పిలవాలి. లాగే బండికి గొలుసు డ్రాబార్‌కే కట్టాలి. టాప్‌లింక్‌కో, సీటు కింద కమ్మీకో, ఇరుసుకు పైన మరెక్కడో కడితే ఆ లాగే బండే లేస్తుంది. లాగేటప్పుడు గొలుసు దగ్గర ఎవరూ నిలబడకూడదు, తెగితే వచ్చి కొట్టే దెబ్బ మామూలుది కాదు. తోటలో ఎండిపోయిన చెట్టు మోడు పీకడానికీ ఇదే మాట వర్తిస్తుంది. మినీ ట్రాక్టర్‌తో మోడు పీకే పని అసలు పెట్టుకోకపోతేనే మేలు.

రోటవేటర్ తగిలించి రోడ్డెక్కినప్పుడు స్టీరింగ్ ‘తేలిపోతోంది’ అంటుంటారు. వెనక రెండు వందల కిలోలకు పైబడిన ఇనుము వేలాడుతుంటే ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. తిప్పినా తిరగదు, గతుకులో పడితే లేస్తుంది. కంపెనీలు ముందు బంపర్‌కు వేలాడదీసే బరువులు అమ్ముతాయి. వాటిని అలంకారం కింద లెక్కేసి బేరంలో వదిలేస్తున్నారు. పూలదండ మానుకున్నా ఫర్వాలేదు, ఆ బరువులు మాత్రం తీసుకోండి.

నీడనిచ్చే టాపు ప్రాణం కాపాడదు

బండి పక్కకు ఒరిగి పడే చోట్లు మన పొలాల్లో అడుగడుగునా ఉన్నాయి. గట్టు దాటేటప్పుడు ఏటవాలుగా పోతే ఒక చక్రం ముందే ఎక్కి బండి ఒరుగుతుంది. నేరుగా, మొదటి గేరులో, గట్టుకు నిలువుగా దాటాలి. గట్టు ఎత్తుగా ఉంటే పారతో కాస్త వాలు చేసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. కాలువ అంచున మట్టి పైకి గట్టిగా కనిపించినా లోపల నాని ఉంటుంది. కాలువ ఎంత లోతుంటే కనీసం అంత దూరం అంచుకు ఎడంగా తోలడం ఒక మంచి కొలత. ఇక దిగుడు బావులు. పిట్టగోడ లేని పాత బావి పక్కన దుక్కి దున్నుతూ, సాలు చివర వెనక్కి వచ్చి తిప్పుకుంటూ అందులో పడిన ట్రాక్టర్ల వార్తలు తెలంగాణ జిల్లాల నుంచి పదేపదే వస్తుంటాయి. బావి పక్క నాలుగు సాళ్లు దున్నకుండా వదిలేస్తే పోయే పంట ఎంత?

బండి బోల్తా పడినా మనిషి బతకాలంటే సీటు వెనక నిలువుగా ఉండే ఇనుప కమాను కావాలి. రోల్ బార్ అంటారు. బండి తిరగబడితే ముందు నేలను తాకేది అదే. సీటు బెల్టు పెట్టుకున్న మనిషి ఆ కమాను కాపాడే చోటులోనే ఉండిపోతాడు. స్వీడన్‌లో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేశారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో అక్కడ బోల్తా చావులు దాదాపు లేకుండా పోయాయి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ట్రాక్టర్లు తయారుచేసే మన దేశంలో మాత్రం రోల్ బార్ ఇంకా మోడల్‌ను బట్టి వస్తోంది. కొన్నింటికి కంపెనీయే బిగించి ఇస్తుంది, కొన్నింటికి అడిగితే దొరుకుతుంది, కొన్నింటికి అడిగినా లేదంటారు. ఒకే ధరలో రెండు బండ్లు నచ్చితే ఈ కమాను ఉన్నదే కొనమని నేను గట్టిగా చెబుతాను.

ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించే టాపును చూసి ఇదీ అదే కదా అనుకునేవాళ్లున్నారు. కాదు. సన్నటి పైపులు, పైన రేకు, దానికి రెండు స్పీకర్లు... ఎండకు, వానకు అది సరిపోతుంది. బండి తిరగబడితే అదే విరిగి మీద పడుతుంది. రోల్ బార్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. మామిడి కొమ్మల కింద దూరేందుకు దాన్ని మడిచే ఏర్పాటు ఉంటుంది. మడిచినప్పుడు సీటు బెల్టు పెట్టుకోకూడదు, బోల్తా పడితే బెల్టే మనిషిని బండి కింద పట్టి ఉంచుతుంది. తోట దాటగానే కమాను మళ్లీ లేపి, పిన్ను వేసి, బెల్టు పెట్టుకోవాలి. ఒకసారి మడిచిన కమానును ఏడాదంతా అలాగే వదిలేసిన బండ్లు ఎన్నో కనిపిస్తాయి.

బ్రేకుల సంగతి కూడా ఇక్కడే. ట్రాక్టర్‌కు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి విడివిడిగా రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. సాలు చివర చటుక్కున తిప్పుకోవడానికి ఒకటే తొక్కుతారు. ఆ రెండింటినీ కలిపే చిన్న గొళ్లెం ఒకటి ఉంటుంది. పొలం నుంచి రోడ్డెక్కే ముందు అది వేయాలి. మర్చిపోయి రోడ్డు మీద వేగంలో ఒక్క పెడలే తొక్కితే బండి ఒక్కసారిగా ఒకవైపు లాగి పల్టీ కొడుతుంది. బొటనవేలంత ఇనుప ముక్క అది. షోరూం కుర్రాడు చూపించకపోతే మీరే అడిగి చూపించుకోండి.

సెకనుకు తొమ్మిది చుట్లు

వెనక ఇరుసు పైన గాడులు కోసిన చిన్న కడ్డీ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పీటీఓ అంటే అదే. రోటవేటర్ అయినా, తోట మందు కొట్టే స్ప్రేయర్ అయినా, నూర్పిడి యంత్రమైనా తిరిగేది దాని బలంతోనే. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. జాయింటు దగ్గర షాఫ్టు ఎనిమిది సెంటీమీటర్ల మందం ఉందనుకున్నా సెకనులో రెండు మీటర్ల గుడ్డను చుట్టేసుకుంటుంది. తువ్వాలు ఒక చివర తగిలితే రెండో చివర చేతిలో ఉండగానే మనిషి లోపలికి పోతాడు. లుంగీ, పంచె, చున్నీ, చీర కొంగు, విప్పుకున్న జుట్టు, అన్నీ దానికి ఒకటే. నున్నగా కనిపించే షాఫ్టు గుడ్డనేం పట్టుకుంటుందిలే అనిపిస్తుంది. జాయింటు దగ్గర పొడుచుకొచ్చిన పిన్ను, ఎండిన గ్రీజు, కాస్త తుప్పు, ఏదో ఒకటి దారం పోగును అందుకుంటుంది.

అందుకే కొత్త షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు వస్తుంది. దానికి సన్నటి గొలుసు కూడా ఉంటుంది. ఆ గొలుసును బండికి తగిలిస్తే లోపల షాఫ్టు తిరుగుతున్నా పైన తొడుగు తిరగదు. గొలుసు తగిలించకపోతే తొడుగూ షాఫ్టుతో పాటే తిరుగుతుంది, ఇక అది ఉన్నా లేనట్టే. మొదటిసారి గ్రీజు కొట్టేటప్పుడు అడ్డమని తీసి షెడ్డు మూలన పడేస్తారు, మళ్లీ బిగించరు. ఏడాది తిరిగేసరికి తొడుగుతో ఉన్న షాఫ్టు ఊరికి ఒకటైనా దొరకదు. పోగొట్టుకున్నవాళ్లు కొత్తది కొనుక్కోవచ్చు, స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది.

రోటవేటర్ కత్తులకు తుంగ, గరిక, పాత డ్రిప్ పైపు ముక్కలు చుట్టుకోవడం రోజూ ఉండే తిప్పలే. ఇంజిన్ నడుస్తుండగా పీటీఓ ఒక్కటి ఆపేసి దిగి కొడవలితో కోసేవాళ్లను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. దిగే ముందు ఇంజిన్ ఆపాలి. తాళం తీసి చొక్కా జేబులో వేసుకోవాలి, సీటెక్కిన పిల్లాడో పక్క రైతో తిప్పడానికి అక్కడ తాళం ఉండకూడదు. రోటవేటర్ పైకి లేపి ఉంచాల్సి వస్తే కింద చెక్క మొద్దులు పెట్టాలి. హైడ్రాలిక్ ఒక్కదాన్నే నమ్మి దాని కింద చెయ్యి పెట్టొద్దు. పని ముగిశాక కిందికి దించి వదిలేయాలి.

ఇక్కడ పిల్లల గురించి చెప్పాలి. తండ్రి దున్నుతుంటే మడ్‌గార్డు మీద కూర్చోవడం పిల్లలకు పెద్ద సంబరం. ఏడుస్తున్నాడని ఒక్క సాలే కదా అని తండ్రి ఎక్కించుకుంటాడు. బండి ఒక గడ్డ మీద ఎగిరిపడితే పిల్లాడు జారేది వెనక్కి, అక్కడ తిరుగుతున్నది రోటవేటర్. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ వార్త ప్రతి దుక్కుల కాలంలో జిల్లా ఎడిషన్లలో కనబడుతుంది, ఊరి పేరు మాత్రమే మారుతుంది. ట్రాక్టర్‌కు సీటు ఒకటే ఉంటుంది. ఆ సీట్లో కూర్చున్నవాడు తప్ప ఇంకెవరూ బండి మీద ఉండకూడదు. తాతయ్య అడిగినా, బావమరిది అడిగినా, పిల్లాడు అలిగి అన్నం మానేసినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

బ్యాటరీ డౌనై సెల్ఫ్ తిరగనప్పుడు కింద నిలబడి స్టార్టర్ మోటారు మీద స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేసే అలవాటు ఒకటుంది. గేరులో ఉండగా క్లచ్ తొక్కకుండా స్టార్ట్ కాకూడదనే కంపెనీ ఏర్పాట్లు చేసింది. స్క్రూడ్రైవర్ ఆ ఏర్పాటును దాటేస్తుంది. బండి గేరులో ఉంటే స్టార్ట్ కాగానే కదులుతుంది, వెనక చక్రానికీ ముందు చక్రానికీ మధ్య నిలబడి ఉన్నది మీరే. సీట్లో కూర్చుని స్టార్ట్ కాని బండిని ఆ రోజుకు వదిలేసి మెకానిక్‌ను పిలవండి.

ట్రాలీ తోసుకొస్తుంది

తోట పని కోసం కొన్న మినీ ట్రాక్టర్‌కు మూడో నెలలో ట్రాలీ తగిలిస్తారు. ఎరువు, ఇసుక, ధాన్యం బస్తాలు, చివరికి కూలీలు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలంలో మిరప కోతకు వెళ్తున్న కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి తొమ్మిది మంది పోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాలీ పడి 15 మంది, దాదాపు అందరూ ఆడకూలీలే. 2020 మేలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోసి ఇంటికి వస్తున్న వాళ్ల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. ఇవి పేపర్ల మొదటి పేజీకెక్కిన ఘటనలు. ఇవి చదివాక కూడా కాలువ కట్ట మీద ట్రాలీలో మనుషుల్ని నింపుకుపోవడం నాకు అసలు మింగుడుపడదు. ట్రాలీ సరుకు కోసం ఉన్నది, మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర బీమా సంస్థ మొదట పట్టుకునేది ఆ తప్పునే. కూలీలకు ఆటో కిరాయి ఇవ్వడం ఆ రోజు కూలిలో భాగమే అనుకోవాలి.

మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. ఆపే భారమంతా ట్రాక్టర్ మీదే. ఏడెనిమిది వందల కిలోల బండి వెనక రెండు టన్నుల ఇసుక వేసి చెరువు కట్ట దిగుతుంటే, బ్రేకు కొట్టిన క్షణంలో ట్రాలీ వెనక నుంచి తోసి ట్రాక్టర్‌ను అడ్డం తిప్పేస్తుంది. ఎంత బరువు లాగవచ్చో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, అంతకు మించొద్దు. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరు, వాలు మొదలయ్యే ముందే వేసుకోవాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం వల్ల ఎందరు పోయారో. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న మినీ బండి అయితే వాలు దిగేటప్పుడు దాన్ని వేసే ఉంచండి. చాలా మోడళ్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, ఫోర్‌వీల్‌లో ఉంటేనే ముందు చక్రాలు కూడా బండిని పట్టి ఆపుతాయి.

రాత్రి రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన ట్రాలీకి వెనక నుంచి బైకులు వచ్చి గుద్దుకుంటాయి. వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు, ఒక దీపం, అంతే ఖర్చు. గడ్డి లోడు ఎత్తుగా వేస్తే తోట మీదుగా వేలాడే కరెంటు తీగలు చూసుకోండి. అలా వేలాడుతున్న తీగల గురించి లైన్‌మన్‌కు ముందే చెప్పి బిగింపించుకోవాలి.

మొదటి యాభై గంటలు

డ్యాష్‌బోర్డులో గంటలు లెక్కపెట్టే మీటరు ఉంటుంది. కొత్త ఇంజిన్ కుదురుకునే కాలం సుమారు మొదటి యాభై గంటలు. అప్పుడే ఫుల్ లోడు వేసి బాదకూడదు, అలాగని గంటల తరబడి ఊరికే ఐడిల్‌లో నడపకూడదు. యాభై గంటలకు మొదటి సర్వీసు, ఆయిల్ మార్పు. దున్నుడు రోజుల్లో సర్వీసు తేదీ వస్తే వాయిదా వేయాలనిపిస్తుంది, వేయొద్దు. చక్రాల నట్లు, రోల్ బార్ బోల్టులు మొదటి కొన్ని రోజుల్లో కాస్త వదులవుతాయి, పానా పెట్టి చూసుకోవాలి.

రోజూ పొద్దున స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పుల్ల తీసి చూడటం, రేడియేటర్‌లో నీళ్లు చూడటం అలవాటు చేసుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. పత్తి చేలో, నూర్పిడి కళ్లంలో పనిచేసిన రోజు రేడియేటర్ ముందు జాలీకి దూది, పొట్టు పట్టి బండి వేడెక్కుతుంది. అప్పుడు మూత తీయబోయి ముఖం కాల్చుకున్నవాళ్లున్నారు. ఇంజిన్ చల్లారే దాకా మూత జోలికి పోకండి, ముందు జాలీ దులపండి. ఎండాకాలం దుక్కుల్లో ఎయిర్ క్లీనర్‌ను కూడా పుస్తకంలో రాసినదానికంటే తరచుగా శుభ్రం చేయాలి, మన ఎర్ర నేలల దుమ్ము అలాంటిది. డీజిల్ పూర్తిగా అయిపోనిస్తే పైపుల్లో ఎయిర్ పడుతుంది, అది తీసేదాకా బండి పలకదు.

పద్దెనిమిది నిండని కొడుకు చేతికి బండి ఇచ్చే ఇళ్లు చాలానే ఉన్నాయి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నడిపితే తండ్రికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. ట్రాక్టర్‌కూ లైసెన్సు కావాలి. ఇంకో చిక్కు కూడా ప్రతి ఊళ్లో ఉంది. ‘‘బావా, ఒక్కపూట ఇవ్వవా, రెండెకరాలు దున్నుకుని సాయంత్రానికి తెచ్చేస్తా’’ అని వరసైనవాడు వచ్చి అడుగుతాడు. ఇవ్వనంటే మాట పోతుంది. మీ బండి బ్రేకు గొళ్లెం ఎక్కడుందో, గట్టెక్కేటప్పుడు ఎటు ఒరుగుతుందో అతనికి తెలియదు, లైసెన్సు ఉందో లేదో మీకు తెలియదు. ఏమైనా జరిగితే కేసులో మొదటి పేరు ఆర్‌సీలో ఉన్నదే. ‘‘డీజిల్ పోయించు బావా, నేనే వచ్చి దున్ని పెడతా’’ అని చెప్పి మీరే వెళ్లండి.